పదిహేను దాటిన ముల్లు

ఆసుపత్రి గేటు దాటి, వంతెన దాటి, కొండ ఎక్కుడు మొదలవగానే ముల్లు కదిలింది. ఎనిమిది, పది, పన్నెండు. స్టీరింగు పక్కన మా మరిది కొత్తగా బిగించిన రెండు మీటర్లలో ఎడమది గాలిది, కుడిది వేడిది. గాలి పదిహేను పౌండ్లు దాటకూడదు, పొగ వేడి ఏడు వందల డిగ్రీలు దాటకూడదు, ఇంతే వదినా, ఇంకేం చూడక్కర్లేదు, అన్నాడు. ఇంతే అన్నవాళ్ళని నేను నమ్మను. ఆ మాట వెనక ఎంతో ఉంటుందని నలభై నాలుగేళ్ళ బతుకులో చూశాను. కంటి డాక్టరు కూడా ఇంతే అన్నాడు. ఒక కన్ను పోయింది, ఇంతే, రెండోది బాగానే ఉంది, అన్నాడు. ఏడాది తిరగకుండానే రెండోది కూడా మొదటిదాని మీద బెంగ పెట్టుకున్నట్టు ఆరిపోయింది. అలా జరుగుతుందట, ఒక కంటికి దెబ్బ తగిలితే ఒక్కోసారి రెండోది దాని వెనకే పోతుందట. ఆ సంగతి ముందే చెప్పలేదేం అని అడిగితే డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అప్పటి నుంచీ మా ఆయన వరండా కుర్చీలో కూర్చుని చెవులతో చూస్తాడు, ఆయన నడిపిన బండి నేను నడుపుతాను. పదమూడు. వేడి ఐదు వందల యాభై. సరే.

వెనక ముగ్గురున్నారు. మంగళవారం, శుక్రవారం వీళ్ళని పొద్దున్నే కొండ దింపి ఆసుపత్రికి అప్పజెప్పడం, మూత్రపిండాలు చెయ్యలేని పని మిషను చేసి రక్తం కడిగి పంపాక మధ్యాహ్నం మళ్ళీ కొండ ఎక్కించడం నా పని. నా వెనక సీట్లో పంతులమ్మ గారు, కళ్ళు మూసుకుని ఉన్నారు, పెదాలు తెల్లగా ఉన్నాయి. కిటికీ పక్కన దర్జీ బాబాయి. చివరి సీట్లో కాళ్ళు ముడుచుకుని పడుకున్నది బేకరీ ఆయన, ఆయన ఎక్కగానే నిద్రపోతాడు, దిగాక కూడా నిద్రలోనే నడుస్తాడు. కిందికి వెళ్ళేటప్పుడు ముగ్గురూ కబుర్ల పోగులు. పైకి వచ్చేటప్పుడు పిండి ఆరేసిన బట్టలు. పదహారేళ్ళ పాత బండి, ఈ ఎక్కుడులో రెండో గేరులో నల్లగా పొగ కక్కుతూ, ఆయాసపడుతూ గంటన్నర పట్టేది. వెనక లారీలు హారన్లు కొట్టేవి. "అమ్మాయ్, నన్ను దింపెయ్యి, నడిచివెళ్ళి నీకు ఎదురొస్తాను" అనేవాడు దర్జీ బాబాయి. పంతులమ్మ గారు మాత్రం నవ్వేవారు కాదు, వాంతి డబ్బా దగ్గరగా పట్టుకునేవారు. మందు కన్నా మిషను కన్నా ఈ ఎక్కుడే తనని ముందు చంపుతుందని ఒకసారి నెమ్మదిగా అన్నారు. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. మరి మరిదికి ఎలా తెలిసింది? ఆరేళ్ళుగా మా గుమ్మం తొక్కనివాడు, మూడు వారాల కిందట వచ్చి, వరండా మెట్టు మీదే నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా, బండి ఒకసారి షెడ్డుకి తెండి వదినా, గాలి పెంచుతాను, ఎక్కుడు తేలికవుతుంది, పైకి వచ్చేసరికి మనుషులు మనుషుల్లా ఉంటారు, అన్నాడు. మనుషులు మనుషుల్లా. ఎవరు చెప్పారు వాడికి? ఊరికే రారు ఎవరూ. అవసరం కాళ్ళు మోసుకొస్తేనే వస్తారు.

ఒకప్పుడు నన్ను నువ్వు అనేవాడు. నా చేతి ముద్ద తిన్నవాడు, నా పెళ్ళినాటికి పన్నెండేళ్ళవాడు. ఇప్పుడు మీరు. ఆ మీరు మర్యాద కాదు, మధ్యలో నిలబెట్టిన గోడ. గోడకి మొదటి రాయి నేనే వేశాను, కాదనను. వాడి షెడ్డులో ఇనుము కోస్తుండగా చక్రం పగిలి ముక్క మా ఆయన కంట్లో దిగిన రోజున, ఆసుపత్రి వరండాలో అందరి ముందూ అన్నాను, నీ షెడ్డు మా కొంప ముంచిందిరా, కళ్ళద్దాలు పెట్టుకోమని ఒక్క మాట చెప్పలేకపోయావా అని. వాడు తల వంచుకున్నాడు. చెప్పాడో లేదో ఈ రోజుకీ నాకు తెలియదు. మా ఆయన చెప్పడు. అన్నదమ్ములిద్దరి మధ్యా ఏం జరిగిందో ఆ చక్రానికే తెలియాలి. పద్నాలుగు. మూడో గేరులోనే ఎక్కుతోంది, నిజం చెప్పాలంటే హాయిగా ఎక్కుతోంది, పొగ లేదు, వెనక హారను లేదు, అందుకే నాకు భయం. హాయిగా ఉన్నప్పుడే కదా మనిషి ఏమరుపాటున ఉంటాడు.

షెడ్డులో నేను కదలకుండా కూర్చుని చూశాను, నాలుగు రోజులూ. మొదటి రోజు వాడు గాలి జోలికే పోలేదు. ఒక్కొక్క సిలిండరు బలం కొలిచాడు, ఆయిలు మార్చాడు, గాలి జల్లెడ మార్చాడు, మెత్తబడిన రబ్బరు గొట్టాలు పీకి పారేశాడు. ఆరోగ్యం చూడకుండా గాలి పెంచితే ముసలాణ్ణి పరుగు పందేనికి పంపినట్టే, అన్నాడు. టర్బో అంటే ఏముంది వదినా, బయటికి పోయే పొగే ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంజనులోకి గాలి తోస్తుంది, గాలి చాలకపోతే డీజిలు సగం కాలి నల్లగా బయటికొస్తుంది, గాలి చాలితే అదే డీజిలు పూర్తిగా కాలి బండిని లాగుతుంది. మీటర్లు బిగించాకే నట్టు ముట్టుకున్నాడు. టర్బో పక్కన ఒక కడ్డీ, దాని మీద గాలి పెంచే నట్టు. అర చుట్టు తిప్పడం, కొండ సగం దాకా నడిపి రావడం, రెండు మీటర్లూ చూసి కాగితం మీద రాసుకోవడం, మళ్ళీ అర చుట్టు. పది నుంచి పదిహేనుకి రావడానికి రెండు రోజులు. ఇంకొంచెం ఎందుకు పెంచకూడదు అని పరీక్షించడానికి అడిగాను. "ఈ ఇంజను తట్టుకునేది ఇంతవరకే. ఇంకా పెంచితే గొట్టం ఊడుతుంది, లేదా టర్బో ఊడుతుంది, లేదా ఇంజను మీది హెడ్డు. ఏది ముందో దాని ఇష్టం" అన్నాడు. చివరికి నట్టు మీంచి కడ్డీ మీదికి పసుపు రంగుతో ఒక గీత గీశాడు. ఎవరైనా తిప్పితే గీత విరుగుతుంది, తెలిసిపోతుంది, అన్నాడు. ఎవరు తిప్పుతారు అన్నాను. ఏమో, అన్నాడు. ఆ ఏమో నాకు నచ్చలేదు. ఇంకోటి నచ్చలేదు. అంత ఉక్కలో వాడు మోచేతులే కాదు, మణికట్లు కూడా కనపడకుండా పొడుగు చేతుల చొక్కా తొడుక్కున్నాడు, పని మొత్తం కుడి చేత్తోనే చేశాడు, ఎడమ చెయ్యి జేబులో. బరువు ఎత్తాల్సి వస్తే పక్క షెడ్డు వెల్డరుని పిలిచాడు. వదిన ముందు జేబులో చెయ్యి పెట్టుకుని పని చేసే దొరతనం ఎప్పుడొచ్చింది వీడికి అనుకున్నాను. కూలి ఎంత అంటే, చూద్దాం లెండి అన్నాడు. చూద్దాం అంటే ఏం చూస్తాడు?

చూశాను, ఇవాళ చూశాను. పొద్దున పంతులమ్మ గారి చక్రాల కుర్చీ తోసుకుంటూ వార్డు మలుపు తిరుగుతుంటే, ఆఫీసు గది ముందు బల్ల మీద వాడు. ఒళ్ళో ఫైలు. నన్ను చూడగానే లేచి స్తంభం చాటుకి జరిగాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేనేమీ అనకముందే మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆ ఆఫీసు గదిలోనే కదా ఏ బండికి ఈ పని ఇవ్వాలో నిర్ణయించేది. కొత్త ఒప్పందానికి సంతకాలు వచ్చే నెలే కదా. అప్పుడు ముక్కలన్నీ ఒకచోట చేరాయి. బండి లోపలి గుట్టంతా తెలుసుకున్నాడు, ఏ రోజు ఎవరు ఎక్కుతారో తెలుసుకున్నాడు, ఇక ఫైలు పట్టుకుని వచ్చి, ఆవిడ బండి పాతది, గాలి పెంచి నడుపుతోంది, రోగులకి ప్రమాదం అని ఒక్క మాట చెబితే చాలు. ఆ మాటకి సాక్ష్యం ఈ రెండు మీటర్లే. వాడు బిగించినవే. నా మెడకి నేనే కట్టించుకున్న గంట.

పదహారు.

పదిహేను దాటకూడదన్నాడు. నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా దాటలేదు. కాలు కొంచెం వదిలాను, పద్నాలుగు. మళ్ళీ తొక్కాను, పదహారు, పదహారున్నర. సన్నటి ఈల ఒకటి వినిపిస్తోంది, ఇంతకు ముందు లేని ఈల. పొద్దున వినపడలేదేం? పొద్దున దిగుడు, దిగుడులో గాలితో పనేముంది. వాడు పొద్దున ఆసుపత్రిలో ఉన్నాడు, బండి ఆసుపత్రి ఆవరణలో ఉంది, నేను లోపల ఉన్నాను, నాలుగు గంటలు. బానెట్టు గొళ్ళెం వదులని వాడికి తెలుసు. ఛీ, ముగ్గురు రోగులున్న బండి. అంత పని చేస్తాడా? నా చేతి ముద్ద తిన్నవాడు. తిన్నాడు కాబట్టి చెయ్యడని ఏ శాసనంలో ఉంది. "ఏమ్మా, ఏదో కూస్తోంది" అన్నాడు దర్జీ బాబాయి. "గాలి బాబాయ్" అన్నాను. "గాలే కదా, భయం లేదు" అని మళ్ళీ కిటికీకి తల ఆనించాడు. మా ఆయన అయితే ఇంకా ముందే పట్టేసేవాడు. నిన్న సాయంత్రం కూడా బండి ముందు బంపరు మీద కూర్చుని ఉన్నాడు, బానెట్టు మీద అరచెయ్యి పెట్టుకుని. ఏం చేస్తున్నారంటే, చల్లబడిందా లేదా చూస్తున్నా అన్నాడు. వాడు నీకు సగమే ఇచ్చాడు, నాకు వినిపిస్తోంది, ఈ ఇంజను ఇంకా లాగగలదు, నాకు తెలియదా, అన్నాడు. నాలుగు రోజులు నేను షెడ్డులో కూర్చుంటే నాలుగు రోజులూ ఆయన అన్నం సరిగ్గా తినలేదు. వాడు ఏం మాట్లాడాడు, నువ్వేం మాట్లాడావు, అంతసేపు ఏం చేశారు అని వంద ప్రశ్నలు. ఆ ప్రశ్నల్లో ఒక వాసన ఉంది, దానికి పేరు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. చీకట్లో కూర్చున్న మనిషికి అనుమానమే తోడు. మరి నేను వెలుతురులోనే ఉన్నాను కదా, నాకేం వచ్చింది?

అద్దంలో మోటారు సైకిలు. రెండు మలుపుల నుంచి ఉంది. నేను నెమ్మదిస్తే నెమ్మదిస్తుంది, దాటదు. హెల్మెట్టు, పొడుగు చేతుల చొక్కా. వాడే. పనికట్టుకుని వెనక వస్తున్నాడు. దేనికి? ఎక్కడ ఆగుతానో చూడటానికి. ఆగితే ఫోటో తీయడానికి. ఇదిగో చూడండి, రోగులతో నడి రోడ్డు మీద ఆగిపోయిన బండి. ముందు రోడ్డు ఖాళీ, నిట్టనిలువు ఎక్కుడు, పైన మలుపు దాటితే సందుల్లోంచి మాయమైపోవచ్చు. ఆగకూడదు. వాడికి ఆ సంతోషం ఇవ్వకూడదు. పదిహేడు దగ్గర కాలు తీసెయ్యాలని తెలుసు, తెలిసే తొక్కాను, నిండా తొక్కాను. పద్దెనిమిది. బండి ఎన్నడూ లేనంత బలంగా ముందుకి దూకింది, అద్దంలో మోటారు సైకిలు చిన్నదైంది, పంతొమ్మిది, ఒక్క క్షణం నాకు సంతోషం కూడా వేసింది, ఇరవై, వెనక పంతులమ్మ గారు "అమ్మాయ్" అన్నారు, ఆ పిలుపు పూర్తికాకముందే బానెట్టు కింద ధబ్బుమని పేలింది.

ముల్లు సున్నాకి పడిపోయింది. బండి ఊపిరి తీసినట్టయింది. వెనకంతా నల్లటి పొగ, వేడి మీటరు ఆరు వందల యాభై, ఏడు వందలు, ఏడు వందల ఇరవై, కాలు తీసేశాను, మిగిలిన ఊపుతోనే ఎడమ పక్కకి లాగి, గోడ ఉన్నచోట చేతి బ్రేకు వేసి, ఇంజను ఆపాను. బేకరీ ఆయన కూడా లేచి కూర్చున్నాడు. పంతులమ్మ గారి చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. "నాకేం కాలేదు, ముందు నువ్వు కూర్చో" అన్నారావిడ. కూర్చోలేదు. దిగి, చేతులు నడుముకి పెట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడ్డాను. మోటారు సైకిలు వచ్చి ఆగింది. వాడు హెల్మెట్టు తీశాడు, మొహం పాలిపోయి, కళ్ళ కింద ఉబ్బి ఉంది.

"ఎంత దాటింది వదినా?"

"నీకు తెలియదా? నువ్వు తిప్పిందే కదా."

వాడు నా మొహంలోకి ఒక్క నిమిషం చూశాడు. వెళ్ళి బానెట్టు ఎత్తాడు. ఊడిన లావుపాటి గొట్టం వేలాడుతోంది, దాని నోటికి క్లిప్పు అలాగే ఉంది. వాడు దాన్ని వదిలేసి, వేడికి మొహం పక్కకి తిప్పుకుంటూ, టార్చి వేసి నట్టు చూశాడు. నేనూ చూశాను. పసుపు గీత విరిగి రెండు ముక్కలై చెరో పక్కకి జరిగి ఉంది. నట్టు అంచుల మీద కొత్తగా పళ్ళు దిగిన గాట్లు, ఎలుక కొరికినట్టు.

"స్పానరుతో తిప్పితే ఇలా అవ్వదు. కటింగు ప్లేయరుతో తిప్పారు" అన్నాడు. గొంతు తగ్గించి, "నట్టుకి ప్లేయరు పెట్టొద్దని అన్నయ్యని పదిహేనేళ్ళు పోరాను. వినేవాడు కాదు. కళ్ళద్దాలు కూడా అంతే వదినా, చెప్పాను, మూడుసార్లు చెప్పాను" అన్నాడు.

నిన్న సాయంత్రం బానెట్టు మీద ఉన్న అరచెయ్యి గుర్తొచ్చింది. ఆయన నన్ను చంపాలనుకోలేదు, నాకు తెలుసు. తమ్ముడు సగమే ఇచ్చాడనుకుని, మిగతా సగం తను ఇద్దామనుకున్నాడు, వేళ్ళతో తడుముకుంటూ, నాకు చెప్పకుండా. ఆరేళ్ళుగా నాకు ఏమీ ఇవ్వలేకపోతున్న మనిషి. నాకు కోపం రావాలి, వచ్చింది కూడా, కానీ దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. ఒకడి మీద ఆరేళ్ళుగా పెట్టి ఉంచిన కోపం అక్కడే ఉంది, దాన్ని ఎలా దించాలో తెలియక నిలబడ్డాను.

ఇంజను కొంచెం చల్లబడేదాకా ఆగాడు. తర్వాత నట్టు వెనక్కి తిప్పాడు, చుట్టున్నర. గొట్టం ఎక్కించాల్సి వచ్చినప్పుడు కుడి చేత్తో తోశాడు, ఎక్కలేదు, మళ్ళీ తోశాడు. "మీరు ఇటు గట్టిగా పట్టుకోండి వదినా, రెండు చేతులూ కావాలి" అన్నాడు.

"నీకు రెండు చేతుల్లేవా?" అన్నాను.

వాడు జవాబు చెప్పేలోపు కిటికీలోంచి దర్జీ బాబాయి తల బయటపెట్టాడు. "నరం కలిపారా ఏంటయ్యా? ఎడమ చేతికేనా? ఎన్నాళ్ళయింది?"

మరిది తల ఎత్తలేదు. "మూడు వారాలు."

"ఆ చేత్తో బరువు మొయ్యకు, బీపీ చూడనివ్వకు, పక్కకి తిరిగి దాని మీద పడుకోకు. లోపల జుమ్మని ఆడుతుంటుంది చూడు, ఆడినన్నాళ్ళూ బాగున్నట్టు. ఆగిందంటే పరిగెత్తుకురావాలి" అన్నాడు దర్జీ బాబాయి, చొక్కా కుట్టే కొలతలు చెప్పినంత మామూలుగా. "పొద్దున వార్డు బయట నిన్ను చూసినప్పుడే అనుకున్నా. మా కులం వాడే అని మొహం చూస్తే తెలుస్తుంది."

మిషను ఎక్కించబోయే ముందు మణికట్టు దగ్గర రెండు నరాలు కలుపుతారు. ఈ ముగ్గురి చేతులూ నాకు తెలుసు, ఉబ్బిన ఆ గీతలు నాకు తెలుసు. అయినా పొడుగు చేతుల చొక్కాని నేను దొరతనం అనుకున్నాను. ఫైలుని కుట్ర అనుకున్నాను. ఎప్పటి నుంచి అని అడిగాను. రెండేళ్ళుగా తెలుసట, మందులతో నెట్టుకొచ్చాడట, వచ్చే నెల నుంచి ఇక మిషనే అన్నారట. ఎవరికీ చెప్పలేదట.

"పైకి వచ్చేసరికి వీళ్ళు ఎలా ఉంటారో ప్రతిసారీ షెడ్డులోంచి చూసేవాణ్ణి వదినా. మీ బండి మలుపు తిరుగుతుంటే లోపల తలలు వేలాడుతుండేవి. నాకు భయమేసింది. అంతకన్నా మంచి కారణం ఏమీ లేదు" అన్నాడు, నట్టు మీద చూపు పెట్టి. "మంగళవారం, శుక్రవారం. ఒక సీటు కావాలి. అడగడానికి మొహం చెల్లక ముందు బండి బాగుచేశాను. ఇవాళైనా అడుగుదామనే వెనకే వచ్చాను."

నేను గొట్టం రెండు చేతులతో పట్టుకున్నాను. వాడు క్లిప్పు బిగించాడు. "ఇంకో చుట్టు బిగించు" అన్నాను. "చాలు, ఎక్కువైతే తెగుతుంది" అన్నాడు. జేబులోంచి రంగు సీసా తీసి కొత్త గీత గీశాడు. మోటారు సైకిలు గోడ పక్కన పెట్టి తాళం వేయమన్నాను. "రేపు తెచ్చుకుందువు. ఎక్కు" అన్నాను. ముందు సీటు తలుపు తెరిస్తే, "అక్కడ ఎండ, ఇటు రా అబ్బాయ్, మధ్య సీట్లో కుదుపు తక్కువ" అన్నారు పంతులమ్మ గారు, తన సంచి ఒళ్ళోకి తీసుకుంటూ. వాడు వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు. నలుగురు. బండి మూడో గేరులో ఎక్కింది, ముల్లు పదిహేను దగ్గర నిలబడింది, పదిహేను దాటలేదు. అయినా కొండ పైదాకా నేను దాన్నే చూస్తూ నడిపాను. అనుమానం ఒక్క పూటలో దిగే జ్వరం కాదు.

ముగ్గుర్నీ ఇళ్ళ దగ్గర దించి మా గుమ్మం ముందు ఆపాను. ఎక్కుడు ఎక్కి వచ్చిన టర్బో చల్లబడాలి, వెంటనే ఆపకూడదు, రెండు నిమిషాలు ఊరికే ఆడనివ్వాలి. మా ఆయన అప్పటికే వరండాలోంచి లేచి, గోడ తడుముకుంటూ గేటు దాకా వచ్చేశాడు. చెవి బండి వైపు తిప్పి నిలబడ్డాడు. నేను ఇంజను ఆపాను.

"ఎవరు తగ్గించారు?" అన్నాడు. గొంతులో తప్పు చేసినవాడి పౌరుషం.

"మీ తమ్ముడు. లోపలే ఉన్నాడు. దిగడానికి చెయ్యి అందించండి" అన్నాను.

"వాడికి నా చెయ్యెందుకు? కళ్ళున్నవాడే కదా."

"అందించండి."

ఏమనుకున్నాడో, తలుపు తడుముకుని చెయ్యి చాపాడు. మరిది ఒక్క క్షణం తటపటాయించి, ఎడమ చెయ్యి ఆయన చేతిలో పెట్టాడు. మా ఆయన వేళ్ళు మణికట్టు చుట్టూ మూసుకున్నాయి, మళ్ళీ సడలాయి, మళ్ళీ నెమ్మదిగా అక్కడే ఆగాయి. ఇంజను చప్పుడు కోసం వెతికినట్టు తల ఒక పక్కకి వంచాడు.

"బండి ఆపేశావు కదా?" అన్నాడు నాతో. "మరి వీడి చేతిలో ఇదేంటి, ఇంకా ఆడుతోంది?"

మరిది చెయ్యి వెనక్కి తీసుకోలేదు.